సర్టిఫికెట్ మీది మతం, హాస్టల్ గదిలో అన్న మాట

ప్రశ్న: అంకుల్‌కి ప్రభువు నామంలో వందనాలు. నాకు 26 ఏళ్ళు. మాది ఒంగోలు దగ్గర పల్లె. ప్రస్తుతం అవనిగడ్డలో హాస్టల్లో ఉండి డీఎస్సీకి కోచింగ్ తీసుకుంటున్నాను. మా తాతల కాలం నుంచీ బాప్టిస్టు సంఘంలోనే ఉన్నాం. ఇంటర్‌లో ఉండగా నా అంతట నేనే నిర్ణయించుకుని బాప్తిస్మం తీసుకున్నాను. నా కుల సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ, హిందూ అని ఉంది. ఆరో తరగతిలో నాన్న తీయించారు. మా పేటలో అందరివీ అంతే. పోయిన నెల ఇంటికెళ్తే, కొత్తగా వచ్చిన పాస్టర్‌గారు వాక్యం చెబుతూ, ఆ సర్టిఫికెట్ పెట్టుకున్నవాళ్ళంతా ముప్పై వెండి నాణేలకు యేసును అమ్ముకున్న యూదాలే అన్నారు. నాన్న తల దించుకుని కూర్చున్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు, చదివింది ఎక్కడం లేదు. మోకరిస్తే మాట రావడం లేదు. మళ్ళీ నోటిఫికేషన్ వస్తే ఫారంలో ఏం రాయాలి? మా పెద్దనాన్న నయమాను కథ చెప్పి ఫర్వాలేదంటున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ రూమ్మేట్ ఒకసారి "మీరు పాలపొడి కోసం మతంలో కలిసినోళ్ళా ఏంటి?" అనడిగితే, కాదు, మేం హిందువులమే అనేశాను. బైబిల్ సూట్‌కేసు అడుగున పెట్టేశాను. నేను యేసుకు ద్రోహం చేశానా? ఆయనకు నమ్మకంగా ఉండటమంటే అసలు ఏంటి అంకుల్?

జవాబు: తల్లీ, వందనాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాఠకుల కోసం తగ్గించి వేశాను గానీ, అసలు ఉత్తరంలో మూడొంతులు సర్టిఫికెట్ గురించే ఉంది. హాస్టల్ సంగతి చిట్టచివర రెండు ముక్కల్లో చెప్పి తప్పుకున్నావు. నీ నిద్ర చెడగొడుతున్నది ఆ రెండు ముక్కలే అని నాకు అనిపిస్తోంది. అయినా నువ్వు అడిగిన వరుసలోనే వస్తాను, ముందు కాగితం సంగతి చూద్దాం.

పాస్టర్‌గారు అన్న మాట తప్పు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, సంఘం నిజాయితీగా ఉండాలనే తపనతోనే అని ఉండొచ్చు, కానీ ఆ పోలిక వాక్యానికి అతకదు. యూదా తనంతట తానే ప్రధానయాజకుల దగ్గరికి నడిచి వెళ్ళి, ఆయన్ని మీకు అప్పగిస్తే నాకేమిస్తారని అడిగాడు, మత్తయి 26వ అధ్యాయంలో ఉంది చూడు. నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు, ఎవరినీ అప్పగించలేదు. ఆరో తరగతి పిల్లవి, ఏ ఫారంలో ఏం రాశారో కూడా నీకు తెలిసి ఉండదు. మీ నాన్న కూడా యేసుకు వెల కట్టలేదమ్మా, కూతురి చదువు మధ్యలో ఆగకూడదనుకున్నారు, అంతే. అలాంటి తండ్రి మందిరంలో, అందరి మధ్యా తల దించుకోవాల్సి వచ్చిందని నువ్వు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

ఆ కాగితం అలా ఎందుకుందో మీ తరం పిల్లలకి ఇంట్లోనూ చెప్పరు, మందిరంలోనూ చెప్పరు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది, షెడ్యూల్డ్ కులాల జాబితా దాన్నుంచి వచ్చిందే. అందులో మూడో పేరా, హిందూ మతం కాకుండా వేరే మతం అవలంబించే ఎవరినీ షెడ్యూల్డ్ కులస్తులుగా లెక్కించకూడదంటుంది. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను ఇప్పటికీ కలపలేదు. బాప్తిస్మం నీళ్ళలోంచి పైకి లేచిన మనిషికి కులం పోయిందని చట్టం అనుకుంటుంది, ఊరు అలా అనుకోదు. పేట పేటగానే ఉంటుంది, ఇల్లు అద్దెకు అడిగితే "మీరేమిట్లు?" అని అడుగుతూనే ఉంటారు, ఇంకా చెప్పాలంటే మన సంఘాల్లోనే మాలలు ఒక మందిరం, మాదిగలు ఒక మందిరంగా చీలిపోయిన ఊళ్ళు నేను చూశాను. అందుకే ఇది అన్యాయమని చాలామంది పోరాడుతున్నారు. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన దీనిమీద కమిషన్ వేసింది, 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించమని తీర్మానం చేసింది. ఆ పోరాటం న్యాయమైనదనే నేను నమ్ముతాను.

కానీ పోరాటం వేరు, సంతకం వేరు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, బాప్తిస్మం తీసుకుని క్రైస్తవ విశ్వాసంలో కొనసాగుతూ రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. అది కూడా ఉద్యోగం కోసం సర్టిఫికెట్ అడిగిన ఒకమ్మాయి కేసే. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. రేపు ఉద్యోగం వచ్చాక ఎవరో ఒకరు ఫిర్యాదు పెడితే ఏమవుతుందో తెలియకుండా నువ్వు ఫారం నింపకూడదు, అందుకే చెబుతున్నాను.

ఇక విశ్వాసం సంగతి. నేను మొహమాటపడకుండా చెబుతాను, నువ్వూ అలాగే విను. ఆరో తరగతిలో నాన్న రాయించింది నీ మాట కాదు. దాని గురించి నువ్వు మోకాళ్ళ మీద ఏడవక్కర్లేదు. రేపు డీఎస్సీ ఫారంలో, పైన ఇచ్చిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని కింద ఒప్పుకుంటావు చూడు, అది మాత్రం నీ మాట. ఇంటర్‌లోనే నీ అంతట నువ్వే బాప్తిస్మం తీసుకుని, ఇప్పుడు ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుంటున్న నువ్వు ఆ గడిలో వేరే మతం రాసి నిజమని ఒప్పుకుంటే నీ లోపల ఏదో ఒకటి రెండుగా చీలుతుంది. నీకు ఆ సంగతి ముందే తెలిసింది కాబట్టే నాకు రాశావు. ఎవడును ఇద్దరు యజమానులకు దాసుడుగా నుండనేరడని ప్రభువు అన్నప్పుడు ఎదురుగా కూర్చున్నది కోటీశ్వరులు కాదు, రేపు ఏం తినాలి ఏం కట్టుకోవాలి అని బెంగపడే జనం. ఆ మాట వెంటనే ఆకాశపక్షులు, అడవిపువ్వుల మాటలు వచ్చింది అందుకే.

మీ పెద్దనాన్నగారు చెప్పిన నయమాను కథ నేనూ చాలాసార్లు విన్నాను. అతను యెహోవాను నమ్ముకున్న సిరియా సేనాధిపతి. తన రాజు తన చేతిమీద ఆనుకుని రిమ్మోను దేవత గుడిలో మొక్కితే, తానూ వంగాల్సి వస్తుంది కాబట్టి క్షమించమని నయమాను అడగడం, ప్రవక్త ఎలీషా నెమ్మదిగలిగి వెళ్ళమనడం నిజమే. కానీ ఆ కథ ఇంకొంచెం ముందు నుంచి చదవాలి. ఇకమీదట యెహోవాకు తప్ప వేరే దేవతకు బలి అర్పించనని అతను ముందే చెప్పాడు. చెప్పింది కూడా చెవిలో కాదు, తన పరివారమంతా చూస్తుండగా ప్రవక్త ఎదుట నిలబడి. అతను ఏదీ దాచలేదు. పెద్దనాన్నగారితో వాదించకు, ఆయన నిన్ను కాపాడాలనే చెప్పారు. కానీ ఆ కథను గొడుగులా వేసుకుని ఫారం నింపకు.

ఈ సలహా ఖరీదెంతో తెలిసే ఇస్తున్నాను. 1987లో నేను రాష్ట్ర ప్రభుత్వ టీచర్ పోస్టుకి అప్లికేషన్ పెట్టాను. మా నాన్న పల్లెటూరి బడిపంతులు, నా ఫారాలన్నీ ఆయనే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేవారు. ఆ రోజు కూడా అరుగు మీద కూర్చుని పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ రాసి, మతం, కులం అన్న రెండు గడుల దగ్గర ఆగి, పెన్ను క్యాప్ పెట్టి, సిరా తడి ఆరేదాకా కాగితం మీద ఊది, పెన్నూ కాగితమూ నా చేతిలో పెట్టారు. "ఈ రెండూ నువ్వు రాసుకో నాయనా, నేను రాస్తే అది నా మాటవుద్ది" అన్నారు. నేను చాలాసేపు రాయలేదు. తర్వాత క్రైస్తవ అని, ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళకు ఉండే బీసీ-సీ అని రాశాను. సెలక్షన్ లిస్టులో నా పేరు లేదు. ఎస్సీలో పెట్టుంటే వచ్చేదని లెక్కలు కట్టి చెప్పినవాళ్ళు ఇంటికొచ్చి మరీ చెప్పారు. తొమ్మిదేళ్ళు ప్రైవేటు బడిలో సగం జీతానికి పాఠాలు చెప్పాను, అందులో రెండు మూడు నెలలు ఆ సగం కూడా ఇచ్చేవాళ్ళు కాదు. మా చెల్లి పెళ్ళి ఆలస్యమైంది. చాలాకాలం దేవుని మీద కోపంగా కూడా ఉన్నాను, అది దాచను. కాబట్టి ఈ సంగతి మీద వాక్యం చెప్పే హక్కు, నా లెక్కలో, ఆ నష్టాన్ని భరించినవాళ్ళకే ఉంది. వాళ్ళు కూడా మెల్లగా చెప్పాలి, ఎదుటివాడి వంటింట్లో బియ్యం డబ్బా ఎంత ఖాళీగా ఉందో తెలుసుకుని చెప్పాలి.

పని జరగాల్సిన దారి కూడా చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, వాళ్ళ సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఒక శాతమే, చాలా తక్కువ. వయసు సడలింపు బీసీలకూ ఉంటుంది. టెట్‌లో మాత్రం తేడా ఉంది, ఎస్సీలకు 40 శాతం చాలు, బీసీలకు 50 కావాలి, అంటే 150కి 75. నీ టెట్ మార్కులు ఎన్నో రాయలేదు, 75 దాటకపోతే మళ్ళీ టెట్ రాసుకోవాలి, ఆ లెక్క ఇప్పుడే చూసుకో. సర్టిఫికెట్ మీ గ్రామ సచివాలయంలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది, సంఘం ఇచ్చిన బాప్తిస్మపు కాగితం దగ్గర పెట్టుకుని వెళ్ళు. ఇప్పటిదాకా తీసుకున్న స్కాలర్‌షిప్‌ల విషయంలో ఏం చేయాలో చట్టం తెలిసిన లాయర్‌ని ఒకసారి కలిసి అడుగు. మీ పేటలో మిగతావాళ్ళ సర్టిఫికెట్ల జోలికి మాత్రం వెళ్ళకు. నీ మనస్సాక్షికి నువ్వే జవాబుదారీ, పక్కింటివాళ్ళ మనస్సాక్షికి నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి కాదు.

కాగితానికీ విశ్వాసానికీ పేచీ రావడం మనతో మొదలు కాలేదమ్మా. క్రీస్తు శకం 250లో డేసియస్ అనే రోమా చక్రవర్తి, సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. ఆ సర్టిఫికెట్లు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి, ఎక్కువ ఫయూమ్ ప్రాంతంలోవే. దాదాపు అన్నిట్లో ఒకే తీరు రాత, నేను ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట అర్పించాను, నైవేద్యం రుచి చూశాను, దయచేసి కింద సంతకం చేయండి అని. మన మీసేవ అర్జీలాగే ఉంటుంది. క్రైస్తవుల్లో కొందరు ప్రాణం పోయినా ఒప్పుకోలేదు. కొందరు భయపడి బలి ఇచ్చేశారు. ఇంకొందరు బలి ఇవ్వకుండా, అధికారులకు డబ్బులు ముట్టజెప్పి కాగితం మాత్రం కొనుక్కున్నారు. లోపల మేం యేసువాళ్ళమే కదా, కాగితమే కదా అనుకున్నారు.

హింస తగ్గాక సంఘాలకు పెద్ద చిక్కు వచ్చింది. వీళ్ళను ఏం చేయాలి? రోమాలో నోవేషియన్ అనే పెద్ద, తప్పిపోయినవాళ్ళను మళ్ళీ చేర్చుకోవడానికే వీల్లేదన్నాడు. ఇంకొందరు ఏం జరగనట్టు వెంటనే బల్ల దగ్గరికి రానిచ్చారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు బిషప్ సిప్రియన్ ఈ రెండూ కాదన్నాడు. 251లో ఆయన ఆధ్వర్యంలో పెద్దలు కూర్చుని, కాగితం కొన్నవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా విని, పశ్చాత్తాపం చూసి చేర్చుకోవాలని, బలి ఇచ్చినవాళ్ళకు ఇంకా పెద్ద క్రమశిక్షణ ఉండాలని నిర్ణయించారు. తప్పును తప్పన్నారు, తలుపు మాత్రం వేయలేదు. ఒక్కొక్కరినీ విడిగా వినడం అన్న పని మీ పాస్టర్‌గారు కూడా చేసి ఉంటే నీ తండ్రికి ఆ ఆదివారం అలా గడిచేది కాదు.

ఆ సిప్రియన్ గురించి ఇంకొక్కటి చెప్పాలి. 250లో హింస మొదలైనప్పుడు ఆయన ఊరు విడిచి దాక్కున్నాడు. మందను వదిలి పారిపోయాడని విమర్శించారు, ఆయన ఉత్తరాలతోనే సంఘాన్ని నడిపించాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, 258 సెప్టెంబరు 14న, వలేరియన్ చక్రవర్తి కాలంలో, పారిపోకుండా నిలబడి తల ఇచ్చాడు. ఒక్క రోజును బట్టి మనిషిని కొలవకూడదని నాకు ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది. నిన్ను కూడా ఆ హాస్టల్ రాత్రిని బట్టి నేను కొలవను.

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వద్దాం. ముందు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న, పాలపొడి కోసం కలిసినోళ్ళా అన్నది. నీకు సిగ్గేసింది. సిగ్గుపడాల్సింది అక్కడ ఏమీ లేదు తల్లీ, మీ జిల్లా చరిత్ర మీ తరానికి అందలేదు, అంతే. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866 నుంచి పనిచేశాడు. ఆయన దగ్గర మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో కనిగిరి వైపు తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య ఒకడు. దొర వచ్చి మతం ఇచ్చాడనుకుంటారు గానీ, పల్లె పల్లెకు నడిచి కబురు చెప్పింది పేరయ్య లాంటివాళ్ళే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఈ మూడూ ఆనాడు చేరినవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు. వినడానికి చిన్నవిగా ఉన్నాయి కదా? జాతరలో డప్పు కొట్టనన్న మాదిగవాణ్ణి, ఆదివారం కూలికి రానన్న మాదిగవాణ్ణి ఆ రోజుల్లో ఊరు ఎలా చూసి ఉంటుందో ఆలోచించు. దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. మన తాతలకు యేసుతో వచ్చింది అదీ.

తర్వాత 1876లో ధాత కరువు మొదలై 1878 దాకా జనాన్ని తినేసింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలిపని ఇచ్చాడు. గంజి నీళ్ళ కోసం పని. ఆ రోజుల్లోనే బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారనే మాట రాకూడదని. చివరికి సహాయం అయిపోయింది, డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళమన్నా వాళ్ళు వెళ్ళలేదు. మాకు నీ డబ్బు వద్దు, మేం కష్టపడి బతికామనడానికి మా చేతుల మీది బొబ్బలే సాక్ష్యం, మళ్ళీ పంట పోతే ఎలాగూ చస్తాం, క్రైస్తవులుగా చస్తాం అన్నారని క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజు 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు. మీ ఊరు ఒంగోలు దగ్గరే అంటున్నావు, గుండ్లకమ్మ బ్రిడ్జి మీద బస్సులో ఎన్నోసార్లు వెళ్ళి ఉంటావు. ఈసారి వెళ్ళినప్పుడు కిటికీలోంచి ఆ నీళ్ళ వైపు ఒకసారి చూడు. నీ ముత్తవ్వ అరచేతి బొబ్బలు ఆ నీళ్ళలో తడిశాయేమో.

ఆ అమ్మాయి తెలియక తప్పుగా అడిగింది, నువ్వు కాదన్నావు. ఇక్కడే నాకు పేతురు గుర్తొచ్చాడు, యేసును పట్టుకున్న రాత్రి ఆయన్ని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు. నువ్వు యూదావి కాదు తల్లీ, నీది పేతురు కథ. ప్రధానయాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటుండగా అతన్ని ముందు అడిగింది సైనికుడు కాదు, గవర్నరు కాదు, కాపలా ఉన్న ఒక చిన్నది. కత్తి పట్టి గెత్సేమనేలో గుంపు మీదికి దూకినవాడు, ఒక పనిపిల్ల ప్రశ్నకు పడిపోయాడు. నీకూ అంతే జరిగింది. చచ్చిపోతానన్నా యేసును వదలనని యూత్ మీటింగులో చెయ్యెత్తిన పిల్లవే అయి ఉంటావు. కత్తి ఎదురొస్తే నిలబడేదానివేమో కూడా. లైటు తీసే ముందు, మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటూ పక్కమ్మాయి అడిగేసరికి నోటికొచ్చింది "కాదు" అని.

యోహాను సువార్తలో ఒక చిన్న మాట నాకు ఎప్పటికీ పాతబడదు. పేతురు చలి కాచుకున్నది బొగ్గుల మంట దగ్గర. 18వ అధ్యాయం. తర్వాత 21వ అధ్యాయంలో, తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వలలు వేసి ఏమీ పడక వచ్చిన శిష్యులకు ప్రభువు నిప్పు వేసి ఉంచాడు, దానిమీద చేపలు, పక్కన రొట్టె. అక్కడ కూడా బొగ్గుల నిప్పే. పడవలోంచి దూకి ఈదుకుంటూ వచ్చిన పేతురు, తడి బట్టలతో ఆ నిప్పు ముందు నిలబడి, ఆ పొగ వాసన పీల్చినప్పుడు అతనికి ఏం గుర్తొచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రభువు ముందు అన్నం పెట్టాడు. తిన్నాక అడిగాడు. ఎందుకు బొంకావని అడగలేదు, మళ్ళీ చేయనని మాటివ్వమనలేదు. నన్ను ప్రేమించుచున్నావా అని అడిగాడు, మూడుసార్లు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడని రాసి ఉంది. నొప్పి పెట్టకుండా మాన్పలేదు ప్రభువు. ప్రతిసారీ వెంటనే ఒక పని అప్పగించాడు, నా గొఱ్ఱెలను మేపుమని. మూడుసార్లు కాదన్నవాడి చేతికి మందను ఇచ్చాడు.

నమ్మకంగా ఉండటమంటే ఏంటని అడిగావు కదా. నాకు తెలిసినంతలో, యేసుకు నమ్మకంగా ఉన్నవాళ్ళంటే ఎప్పుడూ తప్పిపోనివాళ్ళు కాదు, తప్పిపోయాక ఆ బొగ్గుల నిప్పు దగ్గరికి తిరిగి వచ్చి, అడిగినదానికి నిజం చెప్పినవాళ్ళు. యూదా కూడా బాధపడ్డాడు, నాణేలు విసిరేశాడు, కానీ ఆయన దగ్గరికి రాలేదు. మోకరిస్తే మాట రావడం లేదన్నావు, రాదు మరి, నువ్వు సర్టిఫికెట్ గురించి పొడుగ్గా ప్రార్థన చేయాలని చూస్తున్నావు, ఆయన హాస్టల్ సంగతి అడుగుతున్నాడు. ఈ రాత్రి మోకరించి "ప్రభువా, నిన్ను ఎరగనన్నాను" అని ఒక్క మాట చెప్పి చూడు.

తర్వాత ఆ అమ్మాయికి చెప్పాలి. దీన్ని మీటింగు చేయకు, సాక్ష్యం చెబుతున్నట్టు గొంతు మార్చకు, ఆమెను మార్చాలని అసలే చూడకు. టీ తాగేటప్పుడో, బట్టలు ఆరేసేటప్పుడో, "ఆ రోజు నువ్వడిగితే కాదన్నాను గానీ, మేం క్రైస్తవులమే, నాకు సిగ్గేసి అబద్ధం చెప్పాను" అంటే చాలు. ఆమె నవ్వొచ్చు, "దానికేముందిలే" అనొచ్చు, రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. ఏదైనా ఫర్వాలేదు. బైబిల్‌ను సూట్‌కేసులోంచి తీసి మెథడాలజీ పుస్తకాల పక్కన పెట్టుకో. ప్రదర్శనగా కాదు, మిగతా పుస్తకాలు ఎక్కడుంటే అదీ అక్కడే. అక్కడ నుంచి నువ్వు ఏం చేసినా యేసు పేరు మీద జమ అవుతుంది. మెస్ అక్కతో ఎలా మాట్లాడుతున్నావు, మాక్ టెస్టులో పక్కవాళ్ళ పేపరు చూస్తున్నావా, రూమ్మేట్‌కి జ్వరం వస్తే కాస్త గంజి తెచ్చి పెట్టావా, ఇవన్నీ ఆమె చూస్తుంది. మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు అని ప్రభువు అన్నది ఇలాంటి కొంచెం గురించే అనుకుంటాను నేను.

భక్తి చల్లారిపోయిందని కూడా రాశావు, అది నేను తగ్గించిన భాగంలో ఉంది. ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పినట్టు మొదట చేసిన పనులు మళ్ళీ చేయి. ఉపవాసాలు, రాత్రి జాగరణ ప్రార్థనలు ఇప్పుడు పెట్టుకోకు, పరీక్ష ముందు ఒళ్ళు పాడవుతుంది. మీ అమ్మ పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు నాలుగు మాటలు ప్రార్థన చేసుకునేదని రాశావు చూడు, అది చాలు.

ఇక నాన్న. ఇదే అన్నిటికంటే కష్టం. నువ్వు బీసీ-సీ అంటే, ఇన్నాళ్ళూ నేను తప్పు చేశానా అని ఆయన లోపల కుమిలిపోతారు, ఇప్పటికే ఒకసారి తల దించుకున్నారు. అందుకని ఫోన్లో చెప్పకు. ఇంటికి వెళ్ళు. మందిరం నుంచి రాగానే వద్దు, ఆ మాటలు ఇంకా చెవిలో ఉంటాయి. భోజనాలయ్యాక, ఆయన మంచం వాల్చుకుని కూర్చున్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చో. ముందు, నన్ను చదివించినందుకు నీకు రుణపడి ఉన్నాను నాన్నా అను. ఆ తర్వాత ఫారం ఆయన చేతికివ్వు, పేరు, ఊరు, పుట్టిన తేదీ ఆయన్నే చెప్పమని నువ్వు రాయి. మతం గడి దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఏమంటారో విను. నాకు మళ్ళీ ఉత్తరం రాయి, టెట్ మార్కులు కూడా రాయి.